పసుపుకొమ్మును పరీక్షయు

దేశీయవైద్యమును గూర్చి మన పట్టణములలో రెండు తెగలవారు కలరు. "మన ఋషు లెరుంగని దేమున్నది? క్యాన్సరునకు సయితము మన యాకులలో మందు గలదు" అని యొక తెగవా రందురు. "ఇవి యన్నియు ముసలమ్మల మాటలు, తాటాకు గ్రంథములతోపాటు చెదలకు వదలివేయదగినవి" అని రెండవ తెగవా రందురు. వీ రొకరిని జూచి యొకరు నవ్వుకొందురు గాని, మాకు జూడగా ఇరువురును ఒక్కత్రోవనే నడచుచున్నారు. మొదటివారు పరీక్షింపకయే నమ్ముచున్నారు. రెండవవారు పరీక్షింపకయే త్రోసివేయుచున్నారు. పరీక్ష యను శ్రమ మాత్రము ఇరువురికిని తప్పినది. ఇది సభలలోని వాగ్వాదము మాత్రమే యైనచో మే మీవారము ఈ పుటను దీనికై వినియోగించి యుండము. కాని దీనిమీద ప్రాణము లాధారపడి యున్నవి. పెద్దప్రేగునకు క్యాన్సరు వచ్చిన గృహస్థుడు ఆసుపత్రికి బోవలయునా, పసరు త్రాగుచు ఇంట కూర్చుండవలయునా యను ప్రశ్నకు మన యిండ్లలో పెద్దలు, బంధువులు, ఇరుగుపొరుగువారు చేరి యుత్తరము చెప్పుచునే యున్నారు. ఆ యుత్తరము తప్పైనప్పుడు దానిని దిద్దుకొనుటకు రెండవ యవకాశము తరచుగా దొరకదు.

ఈ తగవు తీర్పదగినవారు దూరదేశముల లేరు. మల్కాజ్‌గిరి ప్రక్కనే, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము నానుకొని, తార్నాక యను పేట యున్నది. ఆ ప్రాంతమున, ఒకదానికొకటి చేరువగా, దేశమందెల్ల పేరుగన్న మూడు పరిశోధనాలయములు కలవు. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిని విచారించుటకై మెకారిసన్ దొర ప్రారంభించిన చిన్నపని పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా వెలయుచున్నది. 1944లో హైదరాబాదు సంస్థానము నెలకొల్పిన పరిశోధనాలయమే నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. దాని యొడిలోనే 1977లో పుట్టి, పుష్పమిత్ర భార్గవగారి పెంపకమున నెదిగినది కణ, అణుజీవశాస్త్ర కేంద్రము. జనులు దీనిని సి.సి.ఎం.బి. యందురు. ఆహారము, ఔషధము, జీవకణము - ఈ మూడింటిని గూర్చిన విద్యలును ఇట్లొక్కచోట చేరియున్నవి. కాని యా గోడల లోపల తెలిసినది గోడల వెలుపలనున్న తెలుగువారికి తెలుగున చేరుట మిక్కిలి తక్కువ. ఆ కొరతను ఇసుమంత తీర్చుటకే మా యీ ప్రయత్నము.

మొదట వ్యాధి సంగతి విన్నవింతుము. పెద్దప్రేగునకును, దాని తుదనుండు పురీషనాళమునకును వచ్చు క్యాన్సరు 2022లో ప్రపంచమున సుమారు 19 లక్షల మందికి క్రొత్తగా కనబడినది. ఆ యేట సుమారు 9 లక్షల మందిని పొట్టబెట్టుకొనినది. పాశ్చాత్యదేశములలోవలె మన దేశమున నిది యంత విరివిగా లేకున్నను, మనకు రాదని నిశ్చింతగా నుండుటకు వీలులేదు. ఇది ఒక్కనాట పుట్టునది కాదు. ప్రేగు లోపలిపొరపై పులిపిరివంటి చిన్నకండ మొలచును. అట్టివానిలో కొన్ని మాత్రము, అనేక సంవత్సరములు మెల్లగా పెరిగి, క్యాన్సరుగా మారును. ఆ కండను ముందుగా కనిపెట్టి తీసివేసినచో దానినుండి రాదగిన జబ్బు రానేరాదు. అమెరికా దేశపు లెక్కలనుబట్టి, వ్యాధి ప్రేగును దాటకముందే పట్టుబడిన రోగులలో నూటికి సుమారు 90 మంది యైదేండ్లు దాటి బ్రతుకుచున్నారు. కాలేయము, ఊపిరితిత్తులు మొదలగు దూరపుటవయవములకు ప్రాకిన పిమ్మట పట్టుబడినవారిలో నూటికి సుమారు 15 మంది మాత్రమే. ఈ రెండంకెల నడుమనున్న యంతరమును చదువరులు గుర్తుంచుకొనవలయునని ప్రార్థించుచున్నాము. మేము చెప్పబోవుదాని కంతటికి నదియే మూలము.

మలముతో నెత్తురు పడినప్పుడు మనవారు మొట్టమొదట తలచునది "మొలలు." చాలసారులు అది నిజమే కావచ్చును, ప్రతిసారియు నిజము కాదు. "కోతలేకుండ మొలలు మాన్పబడును" అను పలకలు మన పట్టణములలో ఎన్ని బజారులలో లేవు? ఆ పలకలక్రింద కూర్చున్నవారిలో పెక్కుమంది వ్రేలుపెట్టి చూడరు, గొట్టమువేసి చూడరు; పొట్లముకట్టి యిత్తురు. రోగి సిగ్గుచేత ఇంటివారితో నైన చెప్పుకొనక ఆ పొట్లమును మ్రింగుచుండును. నెల లారు గడచును. బరువు తగ్గును, రక్తము క్షీణించును, మలబంధమును విరేచనమును ఒకదానివెంట నొకటి వచ్చుచుండును. అప్పటికి గాని యాసుపత్రి గుర్తునకు రాదు. 90 అను నంకె 15 అగుటకు దారి యిదియే.

ఇక జీవకణముల సంగతి. మన ప్రేగుల లోపలిపొర నాలుగైదు దినములలో క్రొత్తదగుచుండును. పాతకణములు రాలిపోవును; అడుగున మడతలలో దాగియున్న మూలకణములు విభజించి క్రొత్తవానిని పైకి పంపును. ఎడతెగని యీ పని క్రమము తప్పక జరుగవలెనన్నచో, "ఇప్పుడు విభజింపుము", "ఇక నిలువుము" అను నాజ్ఞలు వేళ కందవలయును. ఈ యాజ్ఞలను చేరవేయు నేర్పాటునే శాస్త్రజ్ఞులు కణసంకేత వ్యవస్థ యందురు. జిల్లాకచేరి తాకీదు తాలూకాకును, తాలూకానుండి కరణమునకును, కరణమునుండి వెట్టివానికిని వచ్చి, తుదకు ఊరిలో దండోరాయైన ట్లుండును ఈ వ్యవహారము. కణపు వెలిగోడపై గ్రాహకము లను ద్వారపాలకులు కలరు. బయటినుండి వృద్ధికారక మను తాకీదు వచ్చి తాకగానే ద్వారపాలకుడు లోపలివాని నొకనిని మేల్కొల్పును, వాడు మరియొకనిని, ఇట్లు వార్త చేతులుమారి కణకేంద్రమును చేరి విభజనమునకు దారితీయును. ఒకడు మరియొకనిని మేల్కొల్పుట యనగా పెక్కుచోట్ల వానిపై భాస్వరపు ముద్ర వేయుటయే. ముద్ర తీసివేయబడగానే వార్త యాగును.

పెద్దప్రేగు క్యాన్సరులో ఈ తాకీదుల వ్యవహారము చెడిపోవును. "వింట్" అని పిలువబడు త్రోవలో ఎ.పి.సి. యను కాపలాదారు కలడు. విభజన వార్తను మోయు బీటా-కెటినిన్ అను మాంసకృత్తు పోగుపడకుండ నెప్పటికప్పుడు నశింపజేయుట వాని పని. ఈ జాతి క్యాన్సరులలో నూటికి సుమారు 80 పాళ్ళలో ఆ కాపలాదారునకు సంబంధించిన జన్యువు చెడియుండును. కాపులేని త్రోవను వార్త రేయింబవళ్ళు లోనికి పోవుచునే యుండును. మరియొక త్రోవలో "కేరాస్" అను మీట కలదు. సుమారు 40 పాళ్ళ రోగులలో అది తెరచినది తెరచినట్లే బిగిసిపోవును. బయటినుండి తాకీదు రాకున్నను లోపల దండోరా ఆగదు. వెలిగోడపైని ద్వారపాలకుని బంధించు సెటుక్సిమాబ్ అను మందు 2004లో అమెరికాలో అనుమతింపబడినది. అది కొందరికి మేలుచేసి కొందరికి చేయకుండుట కొంతకాలము చిక్కుముడిగా నుండెను. 2008 ప్రాంతముల ఆ ముడి విడిపోయినది. లోపలి మీట బిగిసిపోయినవానికి వెలుపలి ద్వారపాలకుని కట్టివేసిన ఫలమేమి? నేడు ఆ మీటను పరీక్షించిన పిమ్మటనే ఆ మందు నిచ్చుచున్నారు. ఒకే పేరుగల వ్యాధికి ఇద్దరు రోగులయందు వేర్వేరు మందు లేల కావలయునో దీనివలన తెలియుచున్నది. రోగి ప్రకృతినిబట్టి చికిత్స యని మన వైద్యులు తలచిన మాట యిచట క్రొత్తరూపమున కనబడుచున్నది. కాని యిప్పుడా ప్రకృతిని కొలిచిచూపు సాధనము మనచేత నున్నది.

ఈ భాస్వరపు ముద్రకు భాస్వరమెచటిది? ఏ.టి.పి. యను పదార్థమునుండి. కండరములలో ఆ పదార్థమును 1929లో కనుగొన్నవారిలో నొకరు మన తెలుగువాడే యని చెప్పుటకు గర్వించుచున్నాము. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించినందున పై యధికారి యలుకకు గురియై, రావలసిన పెద్దపట్టమునకు మారు చిన్నపట్టముతో తృప్తిపడవలసివచ్చెను. ఆయన సోదరు లిరువురు సంగ్రహణివంటి ప్రేగువ్యాధిచేత ఎనిమిది దినములలో ఒకరివెంట నొకరు కన్నుమూసిరి. పిదప ఆయన మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి యాయుర్వేద కళాశాలయందు శరీరశాస్త్రమును బోధించిరి. దేశీయౌషధముల గుణములను శాస్త్రదృష్టితో విచారింపనెంచిరి. అమెరికాకు బోయి బోస్టనులో ఫిస్కెగారితో గూడి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో వెలువరించిరి. తరువాత లెడర్లీ సంస్థయందు ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది; దానికి విరోధియగు అమైనోప్టెరినును తయారైనది. రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఫార్బరుగారు ఆ మందు నిచ్చి, కొందరికి తాత్కాలికముగనైన వ్యాధి యుపశమించినదని 1948లో ప్రకటించిరి. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు పరమపదించిరి.

ఈ కథ మన విషయమునకు దూరము కాదు. పెద్దప్రేగు క్యాన్సరునకు నేటికిని మూలస్తంభమువలె నున్న మందు 1957లో వెలువడిన ఫ్లోరోయురాసిల్. కణము విభజింపవలెనన్న జన్యుపదార్థమునకు క్రొత్త ప్రతి తయారుకావలెను. ఆ ప్రతికి వలయు నొక దినుసు తయారగుటకు ఫోలేటు కావలెను. ఫ్లోరోయురాసిల్ ఆ తయారీనే యడ్డగించును. దానితోపాటు ఫోలినిక్ ఆమ్లము నిచ్చిన ఆ పట్టు మరింత బిగియును. రోగి చేతినరములోనికి దిగుచున్న యీ జంటమందు వెనుక ఫోలేటు రసాయనవిద్య యున్నది. ఆ విద్యను పెంచినవారిలో భీమవరపు బిడ్డ యొక్కడు. ఆయన ఆయుర్వేద కళాశాలలో పాఠము చెప్పినవాడే, ఆయుర్వేదమును నిందింపలేదు. కాని దానిపేర పరీక్షను మానలేదు. ఆయన దేశభక్తి ఖద్దరులోను కనబడినది, తూనికలోను కనబడినది.

ఇక చైనా వైపు చూతము. ఆ దేశమువారికిని మనవలెనే వేలయేండ్ల మూలికావైద్యము కలదు. మనవలెనే దానియం దభిమానమును కలదు. 1967లో మలేరియాకు మందు వెదకుటకై యచటి ప్రభుత్వ మొక రహస్యప్రయత్నమును ప్రారంభించెను. అందు పనిచేసిన తు యూయూ యను నామె పాతగ్రంథముల నెన్నిటినో వెదకి, నాలుగవ శతాబ్దికి చెందిన గే హోంగ్ రచనలో ఒక మూలికను నీటనానబెట్టి పిండి రసము త్రాగుమని యుండుట చూచెను. కాచుమని యందు లేదు. వేడిచేసినచో గుణము పోవుచున్నదేమో యని యామె తోచుకొని, తక్కువ వేడిమియందు ఈథరుతో సారమును తీసెను. ఆర్టెమిసినిన్ అను మందు అట్లు లోకమునకు దక్కినది. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించినది. గ్రంథము దారి చూపినది. నడచినది మాత్రము పరీక్ష. గ్రంథమునందున్న దని చెప్పి యామె యూరకుండలేదు. గ్రంథము పాతది గదా యని మూసివేయనును లేదు.

పెద్దప్రేగు క్యాన్సరునకే చెందిన యుదాహరణ మొకటి చెప్పుదుము. చైనాలో "సంతోషవృక్ష" మని పిలువబడు చెట్టు కలదు. దానినుండి క్యాంప్టోథెసిన్ అను పదార్థమును 1966లో అమెరికాలో వాల్ గారును, మన దేశమున పుట్టిన మన్‌సుఖ్ వాణీగారును ప్రకటించిరి. అది యున్నదున్నట్లు వాడుటకు మిక్కిలి క్రూరమైనది. దానిని రసాయనవిద్యచే మార్చి, మెత్తపరచి, ఇరినోటెకాన్ అను మందుగా చేయుటకు దశాబ్దములు పట్టినది. 1996లో పెద్దప్రేగు క్యాన్సరునకు అమెరికాలో అనుమతి లభించినది. ఈ క్యాంప్టోథెసినే మన పడమటికనుమలలోని యొక చెట్టునందును కలదని 1972లో గోవిందాచారిగారును, విశ్వనాథన్ గారును చూపిరి. చెట్టు మన యడవిలోను ఉండెను. దానిని మందుగా మార్చిన శ్రమ మాత్ర మన్యులది.

ఇరినోటెకాన్ వలన రోగికి తీవ్రమైన విరేచనములు పట్టుకొనును. కొందరు మందు మానవలసివచ్చును. అచట చైనావారి ప్రాచీనయోగ మొకటి రంగమునకు వచ్చినది. సుమారు 1800 ఏండ్లనాటి గ్రంథమున విరేచనములకు చెప్పబడిన యా కషాయములో నాలుగు దినుసులు కలవు. మనము కూడ నెరిగిన అతిమధురమును, రేగుజాతిపండును వానిలో రెండు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున చెంగ్ గారి బృందము దానిని ఒక్క తీరుగ, ఒక్క పాళముగ తయారుచేసి ఎలుకలపై పరీక్షించి 2010లో ప్రకటించినది. ఆ కషాయము ఇరినోటెకాను శక్తిని తగ్గింపక, దెబ్బతిన్న ప్రేగుపొర తిరిగి మొలచుటకు తోడ్పడినది. ఎట్లు? వాపును పుట్టించు సంకేతములను అణచియు, మేము పైన చెప్పిన ఆ "వింట్" త్రోవను ప్రేరేపించియు. చదువరు లిచట నొక క్షణము నిలువవలయును. క్యాన్సరులో కట్టుదప్పి పారు సంకేతమే, దెబ్బతిన్న ప్రేగు బాగుపడుటకును కావలసిన సంకేతము! ఒక సంకేతమును పెంచు మూలిక యెల్లప్పుడు మంచిదనుటకును వీలులేదు, చెడ్డదనుటకును వీలులేదు. ఏ చోట, ఏ పాళమున, ఏ మందుతో గూర్చి యను ప్రశ్నకు పరీక్ష తప్ప వేరు జవాబు లేదు. మరియు ఆ కషాయము క్యాన్సరును మాన్పునని యెవరును చెప్పలేదు. క్యాన్సరుమందు చేయు కీడును తగ్గించుటకే దానిని పరీక్షించిరి. ఈ భేదమును మరచి, "చైనా కషాయముతో క్యాన్సరు మాయము" అని చాటువాడు చైనావైద్యమునకు సయితము ద్రోహియే.

ప్రకృతిసిద్ధమైనది హానిచేయదను నమ్మకమునకు గూడ చైనామూలికయే గుణపాఠమైనది. 1990 ప్రాంతముల బెల్జియములో ఒళ్ళు తగ్గించుకొనుటకై యిచ్చిన మందులో ఒక చైనామూలికకు బదులు దానిని పోలిన పేరుగల మరియొకటి కలిసినది. నూరుమందికి పైగా స్త్రీల మూత్రపిండములు చెడినవి. వారిలో కొందరికి మూత్రనాళములలో క్యాన్సరు సయితము పుట్టినది. ఆ రెండవ మూలికలోని అరిస్టోలోకిక్ ఆమ్లమే దానికి కారణమని తేలినది. మన ఈశ్వరివేరును, గాడిదగడపాకును ఆ కుటుంబమునకు చెందినవే. వీనిని పల్లెలలో మందుగా వాడువారు నేటికిని కలరు. వేల యేండ్లుగా వాడుచున్నామను మాట, ఇరువదియేండ్ల తరువాత కనబడు కీడును పట్టి చూపజాలదు.

ఇప్పుడు మన పసుపుకొమ్మునకు వత్తము. పసుపు మన గడపకును, పెండ్లికిని, కూరకును, గాయమునకును కావలసిన వస్తువు. దుగ్గిరాల, నిజామాబాదు విపణులు దానికి పేరుమోసినవి. 2025లో జాతీయ పసుపుమండలి నిజామాబాదు కేంద్రముగా వెలసినది. తార్నాకయందలి పోషకాహార సంస్థలో కమలా కృష్ణస్వామిగారును, కల్పగం పొలాసగారును, వారి సహచరులును పసుపును పరీక్షకు పెట్టిరి. 16 మంది పొగత్రాగువారికి దినమునకు గ్రామున్నర చొప్పున 30 దినములు పసుపునిచ్చి, వారి మూత్రమున జన్యువులను చెరచు పదార్థములు తగ్గినవని 1992లో ప్రకటించిరి. చిన్న పరీక్షయే గాని, చక్కని పరీక్ష. వారు క్యాన్సరు మానినదని చెప్పలేదు, కనుగొన్నంతవరకే చెప్పిరి. ఆ మితభాషిత్వమే శాస్త్రమునకు భూషణము.

1995లో అమెరికాలోని యొక విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు, పసుపుతో గాయము మాన్పు పద్ధతిపై పేటెంటు లభించినది. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనామండలి, అనగా తార్నాకలోని రసాయనసంస్థకును, సి.సి.ఎం.బి.కిని పైసంస్థ, ప్రాచీనగ్రంథములను, పూర్వపత్రికలను సాక్ష్యముగ చూపి వాదించినది. 1997లో ఆ పేటెంటు రద్దయినది. దేశ మెల్ల పండుగ చేసికొనినది, చేసికొనవలసినదే. అయితే ఆ గెలుపునకు అర్థమేమో స్పష్టముగ తెలిసికొనవలయును. పసుపు గాయములకు వాడుట మన కెప్పటినుండియో తెలియునని మాత్రమే అచట రుజువైనది. పసుపు క్యాన్సరును మాన్పునని యే న్యాయస్థానమును చెప్పలేదు. చెప్పుట దాని పనియును కాదు.

పరీక్షనాళికలో పెంచిన కణములపై పసుపులోని కుర్కుమిన్ అనేక సంకేతములను అణచునని వందలకొలది పత్రములు వెలువడినవి. అందు అమెరికాలోని యొక ప్రసిద్ధ పరిశోధకుని పత్రములు పదికిమించి, బొమ్మలయందు దోషములున్నవని ఉపసంహరింపబడినవి. మిగిలినవి సత్యములే యనుకొందము. కాని గాజునాళిక మానవుడు కాదు. కుర్కుమిన్ నోట తీసికొన్నచో రక్తములోనికి చేరునది మిక్కిలి స్వల్పము. రక్తమును చేరకున్నను ప్రేగుగోడను తాకును గదా యని పలువు రాశించిరి, ఆశ సహేతుకమైనదే. జన్మతః ఎ.పి.సి. జన్యువు చెడియుండి ప్రేగునిండ కండలు మొలచు నొక వంశపారంపర్య వ్యాధి కలదు. ఆ రోగు లైదుగురికి కుర్కుమినును మరియొక పదార్థముతో కలిపి యిచ్చినప్పుడు కండలు తగ్గినవని 2006లో వార్త వచ్చెను. తరువాత 44 మందిని రెండు జట్లుచేసి, ఒక జట్టునకు దినమునకు 3 గ్రాముల కుర్కుమినును, రెండవ జట్టునకు గుణములేని మాత్రను ఏడాదిపాటు ఇచ్చి చూచిరి. కండల సంఖ్యలోను, పరిమాణములోను భేదము కనబడలేదని 2018లో తేలినది. అయిదుగురిలో కనబడినది నలుబదినలుగురిలో నిలువలేదు. దీనికి మనము చిన్నబుచ్చుకొన నేల? పసుపు కూరలో పసుపే, గడపకు పసుపే. దానిని క్యాన్సరుమందని పిలువవలెనన్న మాత్రము సాక్ష్యము కావలెను. ఆ సాక్ష్య మింకను రాలేదు.

"మీరు పాశ్చాత్యవైద్యమునకు వకాల్తా పుచ్చుకొన్నారా?" అని కొందరు మమ్ము నడుగవచ్చును. మేము పుచ్చుకొన్న వకాల్తా రోగిది. పాశ్చాత్యకంపెనీలు తయారుచేయు మందులలోను పరీక్షకు నిలువక పోవునవి యెన్నియో కలవు. నిలిచినవానిని సయితము బీదవాని కందనివెలకు అమ్ముటను మేము ఖండించుచునే యుందుము. కాని తూనికరాయికి జాతి లేదు. సీమసరకునకును, స్వదేశపు సరకునకును ఒక్కటే త్రాసు ఉండవలెను. 2018లోనే అమెరికాలో వెలువడిన మరియొక పరిశీలనలో, దూరమునకు ప్రాకని క్యాన్సరుండియు, నిర్ణీతచికిత్సను పూర్తిగ మాని ఇతర వైద్యములనే నమ్ముకొన్నవారిని, చికిత్స పొందినవారితో పోల్చిచూచిరి. పెద్దప్రేగు క్యాన్సరు రోగులలో, మానినవారికి మృత్యుభయము సుమారు నాలుగున్నర రెట్లు హెచ్చుగా నుండెను. వారు బీదలు కారు, చదువురానివారును కారు. కావున ఇది యజ్ఞానపు దోషము మాత్రమే కాదు. కోతకు, మందుబాధకు వెరచు మానవహృదయపు బలహీనత. దానిని పరిహసింపరాదు. కాని దానిని సొమ్ముచేసికొనువానిని క్షమింపరాదు.

మన బీదవాడు ఆకును చేరుటకు భయమొక్కటే కారణము కాదు, ఖర్చును కారణమే. 1955లో వెలసిన రెడ్ హిల్స్ క్యాన్సరు ఆసుపత్రియును, 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీయును ఎందరికో ఆసరాయైనవి. అయినను దూరపుటూరినుండి వచ్చి, కూలి పోగొట్టుకొని, ఆసుపత్రి వరండాలో వారములు గడపువాని కష్టము ఏ పథకపు లెక్కలోనికిని రాదు. ఊరివైద్యుడు చేయిపట్టి చూచును, తెలుగున మాటాడును, అడిగినదానికి బదులు చెప్పును. పెద్దయాసుపత్రిలో కాగితము మాటాడును, అదియు నింగ్లీషున. ఈ యంతరము తీరనంతకాలము, రోగిని ఆకువైపు త్రోయుచున్నది నాటువైద్యుడు మాత్రమే యని మే మనజాలము.

కాబట్టి మేము కోరునవి కొన్ని కలవు. తార్నాక పరిశోధనాలయములు తాము కనుగొన్నది, ఇతరులు కనుగొన్నది, వట్టిదని తేలినది - మూడును తెలుగున చిన్నపొత్తములుగా ప్రకటింపవలయును. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు సెలవులలో ఆ పొత్తములను ఊరిగ్రంథాలయములకు గొనిపోయి చదివి వినిపింపవలయును. ఆయుష్ వైద్యులును, క్యాన్సరు వైద్యులును ఒక్కబల్లకడ కూర్చుండి, ఏ మూలిక ఏ మందుతో పొసగదో, ఏది రోగిబాధను తగ్గింపగలదో, సరియైన పరీక్షలు నడపి చెప్పవలయును. నడపిన పరీక్షను ముందుగనే జాతీయ పట్టికయందు నమోదుచేసి, ఫలితము ప్రతికూలమైనను దాచరాదు. క్యాన్సరును మాన్పుదుమను ప్రకటనలను నిషేధించు చట్టము 1954 నుండియే కలదు. దానిని పుస్తకములలో నిద్రింపనీయక, బజారుగోడలమీది పలకలవరకు నడిపింపవలయును. పత్రికలవారమైన మేమును ఆ ప్రకటనలసొమ్మునకు ఆశపడరాదు.

గృహస్థులకు మా విన్నప మింతే. మలమున నెత్తురు కనబడినను, మలవిసర్జనక్రమము వారములతరబడి మారియున్నను, కారణము తెలియక బరువు తగ్గుచున్నను, సిగ్గుపడక డాక్టరుచే పరీక్ష చేయించుకొనుడు. మొలలని తేలినచో సంతోషింపుడు, తేలకముందు సంతోషింపవలదు. వ్యాధి యున్నదని తేలినచో కోతకును, మందునకును వెనుదీయవలదు. మూలికయేదైన వాడుచున్నచో దానిని డాక్టరునకు దాచవలదు. డాక్టరు కోపగించునని యనుమానమున్నను చెప్పవలసినదే, ఏలయన ఒకటి యొకదానిని చెరచు సందర్భములు కలవు. ఇంటిలో రక్తసంబంధికి ఈ వ్యాధి వచ్చియున్నచో, తక్కినవారు లక్షణములు కనబడువరకు కాచియుండక ముందుగనే సలహా పొందుడు.

మన పూర్వులు అడవులు తిరిగి, మొక్కమొక్కను రుచిచూచి, గుణదోషములను గుర్తించి వ్రాసిపెట్టిరి. వారు చేసినది వారినాటి పరీక్ష. మనము వారికి నిజముగ వారసులము కావలెనన్న, వారి మాటలను వల్లించుటతో సరిపెట్టుకొనరాదు. వారి పనిని సాగింపవలయును. అందులకు వలసిన గదులు తార్నాకలో నున్నవి, వలసిన బుద్ధి సుబ్బారావుగారి జాతికి కొరవడలేదు. కొరవడినది, తేలిన నిజమును తేలినట్లు తెలుగున చెప్పు ధైర్యమును, విన్నదానిని ఆచరించు నోర్పును. ఆ రెండును మన పఠనమందిరములనుండియే మొదలుకావలయునని మా కోరిక.